ఫ్యాను లేని కొక్కెం

దక్షిణామూర్తి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. క్లాసులో ఎవరేం అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "ఉండనీ, దాన్ని అలా పక్కన పెట్టు" అని, సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుకుంటూ మళ్ళీ పాఠంలో పడిపోయేవారు. ఆయన చెప్పేది ఆపదల చదువు. వరదొస్తే ఊరిని ఎలా కదిలించాలి, రైల్వే స్టేషన్లో బాంబుందని ఫోనొస్తే తొక్కిసలాట లేకుండా జనాన్ని ఎలా బయటికి తేవాలి, ఇలాంటివి. కాలేజీలో అలాంటి చదువొకటి ఉందని చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళేమో, "అది చదివి ఉద్యోగం రావాలంటే ముందు తుఫాను రావాలి కాబోలు" అని నవ్వేవాళ్ళు.

సుకన్య ఆ నవ్వుల్ని పట్టించుకోలేదు. ఆమెది సముద్రం ఒడ్డున జాలర్ల పాలెం. చిన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చినప్పుడు ఆమె పెద్దమ్మ పోలమ్మ తుఫాను షెల్టరు దాకా వెళ్ళింది. అప్పుడే కట్టిన భవనం, గుమ్మానికి కట్టిన రిబ్బను ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. తలుపు బార్లా తీసుంది. అయినా పెద్దమ్మ లోపలికి పోకుండా వరండాలోనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. గాలికి ఎక్కడినుంచో రేకు ఎగిరొచ్చి తగిలి అక్కడే ప్రాణం పోయింది. సుకన్య ఈ చదువులో చేరింది అందుకే. మొదటి సంవత్సరంలోనే లేచి నిలబడి అడిగింది. "మాస్టారూ, తలుపు తీసున్నా మనిషి లోపలికి ఎందుకు రాదు?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "ఉండనీ. పక్కన పెట్టమ్మా" అన్నారు.

ఆఖరి సంవత్సరంలో పిల్లల్ని తలా ఒక ఊరికి పంపారు, అక్కడి షెల్టరును ఆపదకు సిద్ధం చేసి పెట్టమని. సుకన్య తన పాలేన్నే అడిగి తీసుకుంది. వెళ్ళి చూస్తే షెల్టరు లోపల కాలు పెట్టే చోటు లేదు. ఒక మూల మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంకో మూల వలలు. మధ్యలో ఆడవాళ్ళు కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. పైన ఫ్యానుకని వదిలిన ఇనప కొక్కెం ఉంది. ఫ్యాను ఏనాడూ రాలేదు, ఆ కొక్కేనికే తాడు వేసి, చీర కట్టి ఎవరి బిడ్డనో ఉయ్యాలలో వేశారు. ఊరంతా ఒకరి తర్వాత ఒకరు బిడ్డల్ని అక్కడే నిద్రపుచ్చుకుంటున్నారు.

సుకన్యకు ఒళ్ళు మండింది. ఇంత మంచి భవనాన్ని ఇలాగా వాడుకునేది? అన్నీ తీయించింది. రొయ్యల వాసన పోయేదాకా నేల కడిగించింది. గోడలకు సున్నం వేయించి, ఉయ్యాల విప్పించి, తాడు మెట్ల కింద అరలో పడేయించింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. మన పిల్లే కదా అనుకున్నారు. "పెద్దాఫీసర్లు వచ్చి చూస్తారు, ఎవరూ తొక్కకండి" అని చెప్పి తలుపుకు తాళం వేసి, తాళంచెవి మెళ్ళో కాలేజీ కార్డుతో పాటు తగిలించుకుంది.

ఆఫీసర్లకంటే ముందు వాయుగుండం వచ్చింది. పొద్దుటికే సముద్రం రంగు మారింది. మధ్యాహ్నానికల్లా ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేయాలని కబురొచ్చింది. సుకన్య తాళం తీసి తలుపులు బార్లా పెట్టింది. మైకులో పేరుపేరునా పిలిచింది. జనం వచ్చారు. రాకపోవడం అంటూ లేదు. వచ్చి, మెట్ల మీద చెప్పులు విడిచి, వరండాలో ఆగిపోయారు.

అందరికంటే ముందు వెంకాయమ్మ మామ్మ చతికిలబడింది, మేకను ఒళ్ళోకి లాక్కుని, సరిగ్గా పెద్దమ్మ కూర్చున్న గోడవారనే. సుకన్య మైకు వదిలేసి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మామ్మా, లోపలికి రా."

"ఇక్కడ బానే ఉందిలే తల్లీ. కాళ్ళన్నీ బురద."

"ప్రాణం మీదికొస్తుంటే బురదేంటి మామ్మా!"

"అరవకే. వానలో కూర్చోడం మాకేం కొత్తా? తెల్లగా సున్నమేయించుకున్నావు. మేం తొక్కితే ఆ వచ్చేవాళ్ళు నిన్నేమన్నా అంటే?"

వెనకనుంచి ఎవరో అన్నారు, "మేడంగారి గది మాసిపోతే మార్కులు తగ్గిస్తారంట." నలుగురూ నవ్వారు. ఎగతాళి కాదు, ముద్దుగానే. ఆ ముద్దే సుకన్యకు భయం పుట్టించింది. బతిమాలింది, కసిరింది, చెయ్యి పట్టుకు లాగింది. గట్టిగా మాట్లాడిన కొద్దీ వాళ్ళు ఇంకాస్త ఒదిగి కూర్చున్నారు. కొందరైతే, ఇంకా టైముంది కదా, ఇంటికెళ్ళి వద్దామని మెట్లు దిగడం మొదలెట్టారు. గాలి కొబ్బరాకుల్ని ఒకే వైపుకు దువ్వుతోంది.

అప్పుడు జీపు వచ్చి ఆగింది. మాస్టారు ఒక్కో ఊరూ చూసుకుంటూ వస్తున్నారు. దిగి, మెట్ల మీది చెప్పుల్ని చూశారు. వరండాలో కిక్కిరిసిన జనాన్ని చూశారు. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూస్తే, కడిగిన పళ్ళెంలా నేల, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. తలెత్తి పైకి చూశారు.

"ఆ కొక్కెం దేనికమ్మా?"

"ఫ్యానుకని పెట్టారు మాస్టారూ. ఫ్యాను రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉందా?"

సుకన్య చూపు బయటికి పోయింది. మెట్ల పక్కన భూలక్ష్మి పాలిథిన్ పట్టా కప్పుకుని, ఏడుస్తున్న చంటిదాన్ని భుజాన వేసుకుని ఊపుతోంది. ఉయ్యాల విప్పించిన రోజు అందులో నిద్రపోతున్నది ఆ చంటిదే. సుకన్య మెట్ల కింది అరలోంచి తాడు లాక్కొచ్చింది. బెంచీ ఎక్కి కొక్కేనికి వేసింది. భూలక్ష్మి మూటలోంచి పాతచీర అడిగి తీసుకుని, తాడు కొసకు కట్టడం మొదలెట్టింది. కట్టిన ముడి కట్టినట్టే జారిపోతోంది.

వరండాలోంచి వెంకాయమ్మ మామ్మ మెడ చాచి చూసింది. ఒకసారి ఊరుకుంది. రెండోసారి ఊరుకోలేకపోయింది.

"అదేం ముడే? పిల్ల పడిపోద్ది."

"నాకు రావట్లేదు మామ్మా."

"పెద్ద చదువులు చదివావు గానీ..." మేకను పక్కావిడ చేతిలో పెట్టింది. నడుం పట్టుకుని లేచింది. బురద కాళ్ళతోనే తెల్లటి నేల మీద గబగబా నడిచి గది మధ్యకు వచ్చింది. "దిగు, దిగు. ఇలా తే" అని చీర లాక్కుంది. "ఒసే భూలక్ష్మీ, అక్కడ నిలబడ్డావేం, పిల్లని పట్రా."

భూలక్ష్మి వచ్చింది. పిల్ల బట్టల మూటతో వాళ్ళత్త వచ్చింది. మేకను పట్టుకున్నావిడ, "దీన్నేం చెయ్యనే" అంటూ మేకతో సహా వచ్చింది. మెట్లు దిగినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఉయ్యాల ఊగుతోంది. తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. మిరపకాయల వాళ్ళు మిరపకాయల మూలకు, వలల వాళ్ళు వలల మూలకు, ఎవరి చోటు వాళ్ళకు తెలిసినట్టే సర్దుకున్నారు. మాస్టారు కూడా చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. సుకన్య తలుపు గడియ వేసేసరికి బయట గాలి కూత మొదలైంది.

మర్నాడు వాన వెలిసింది. వరండా నిండా ఇసుక. గోడవార, నిన్న మామ్మ కూర్చున్న చోట, ఎవరి పాక మీదిదో రేకు వంకర తిరిగి పడుంది. సుకన్య వంగి దాని అంచు తడిమి చూసింది. జనం మూటలతో, మేకలతో ఇళ్ళు చూసుకోవడానికి వెళ్ళిపోయారు. లోపల నేలంతా బురద అడుగులు, చిందిన పాలు, మేక పెంటికలు. ఆమె చీపురు తెచ్చుకుని గుమ్మంలో ఆగింది. మాస్టారు మెట్ల దగ్గర ఇసుకలో చెల్లాచెదురుగా మిగిలిన చెప్పుల్లో తన జత వెతుక్కుంటున్నారు.

"మాస్టారూ, మొదటి సంవత్సరంలో ఒకటి అడిగాను. పక్కన పెట్టమన్నారు."

ఆయనకు ఒక చెప్పు దొరికింది. రెండోది దొరకలేదు. లేచి, గదిలో గాలికి కొద్దికొద్దిగా కదులుతున్న ఖాళీ ఉయ్యాల వంక చూశారు.

"నేల కావాలంటే కడుక్కో అమ్మాయ్" అన్నారు. "ఆ ముడి మాత్రం ఆవిడ వేసినట్టే ఉండనీ."