దసరా వెళ్లినా విప్పని కట్టలు

కుందేటికోట రాజు తిమ్మభూపతికి ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా కోరిక పుట్టింది. పక్క రాజ్యం వాడికి ఏనుగులున్నాయి. ఆ పక్కవాడికి ముత్యాలున్నాయి. తనకు కథలుండాలి! లోకంలో చదివి దాచుకోదగ్గ కథల పొత్తాలన్నీ తన కోటకు చేరాలి.

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. కథలకూ లేకపోయింది. బండ్ల మీద తాటాకు కట్టలు వచ్చి పడ్డాయి. దొంగల కథలు, ఓడ ప్రయాణాలు, అత్తాకోడళ్ల కథలు, ప్రేమకోసం కొండలెక్కినవాళ్ల కథలు.

చదివి వినిపించే పని చెంగమాంబది. రోజూ సాయంత్రం కోట మండపంలో కూర్చుని కట్ట విప్పేది. పూలమ్మేవాళ్లు, ముసలి సిపాయిలు, చాకిరేవు నుంచి వచ్చేవాళ్లు చుట్టూ చేరేవారు. తెర వెనక రాణిగారు. తెర ముందు, “ఊరికే ఇటు వచ్చాం” అంటూ రాజుగారు.

దాచే పని కోశాధికారి పానకాలరాయుడిది. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క కథ విన్న పాపాన పోలేదు. కట్టలకు పట్టుబట్టలు చుట్టించి, దంతపు పలకలు బిగించి, వచ్చిన చుట్టాలందరికీ దూరం నుంచే చూపించి మీసం దువ్వుకునేవాడు.

ఇంతలో దసరా వచ్చింది. సరస్వతీ పూజనాడు ఆచారం ప్రకారం పొత్తాలన్నీ పూజలో పెట్టారు. పూజలో ఉన్న పుస్తకం చదవకూడదు. పండుగ వెళ్లాక ఉద్వాసన చెప్పి తీసుకోవాలి. ఇది పసిపిల్లలకూ తెలుసు.

పండుగ మర్నాడు పానకాలరాయుడు సభలో లేచి నిలబడ్డాడు.

“మహాప్రభూ, విప్పినకొద్దీ ఆకు విరుగుతుంది. ముట్టుకున్నకొద్దీ జిడ్డవుతుంది. దాచుకోదగ్గ పొత్తానికి పూజకు మించిన మర్యాద ఏముంది? ఈసారి ఉద్వాసన వద్దు. గదికి తాళం వేసేశాను. కలకాలం పూజలోనే ఉండనీయండి!”

పుణ్యమూ పొదుపూ ఒక్క దెబ్బకే కలిసొచ్చాయని రాజు తలూపేశాడు.

చెంగమాంబకు మండపం గుర్తొచ్చింది. సాయంత్రం మండపం మెట్ల మీద అంతమంది వచ్చి కూర్చుంటారు. వాళ్ల మొహం ఎలా చూడాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే తాళం ఊడదని మింగేసింది.

“మహాప్రభూ, కథ సగంలో ఉంది.”

“ఉంటే?” పానకాలరాయుడు పకపకా నవ్వాడు. “సగంలో ఆగిన కథ వల్ల ఎవరి ప్రాణమైనా పోయిందా తల్లీ? ఈ సభలో ఒక్కరంటే ఒక్కర్ని, తర్వాతేమైందని ఉండబట్టలేక అడగమను. తాళంచెవి ఇప్పుడే నీ చేతిలో పెట్టి తప్పుకుంటాను!”

“భలే పందెం!” అన్నాడు రాజు. “మేం మాత్రం అడగం. తలూపాం కదా.”

రాజే అడగనంటే ఇంకెవడు నోరు మెదుపుతాడు? సభంతా పెదవులు బిగించింది. అది చూసే పానకాలరాయుడికి అంత ధీమా.

చెంగమాంబ ఒక అడుగు ముందుకు వేసింది. “ఆగిన చోటిదాకా చెప్పడానికి సెలవా? పొత్తానికి తాళం పడింది గాని నా నోటికి పడలేదు కదా.”

“చెప్పుకో, చెప్పుకో,” అన్నాడు కోశాధికారి.

ఆమె రాజువైపు చూడలేదు. రాణిగారి తెరవైపూ చూడలేదు. పీట జరుపుకుని నేరుగా పానకాలరాయుడి ఎదుట కూర్చుంది. అలవాటున్నవాడికంటే మొదటిసారి కల్లు తాగినవాడికే తొందరగా తలకెక్కుతుందని ఆమెకు తెలుసు.

“ఓడవర్తకుడి భార్య అలివేణి. మొగుడు ఎక్కిన ఓడ మునిగిందని కబురొచ్చింది. ఆస్తంతా ఆమెదే అయింది.”

పానకాలరాయుడు పైకప్పు చూస్తున్నాడు.

“ఏళ్లు గడిచాక ఒకడొచ్చాడు, నేనే నీ మొగుణ్ణి అన్నాడు. ముఖమంతా కాలిన మచ్చలు. మర్నాడు ఇంకొకడొచ్చాడు, వాడు దొంగ, నేనే నీ మొగుణ్ణి అన్నాడు. వీడి ముఖమూ అంతే!”

పైకప్పు మీది చూపు కిందికి దిగింది.

“ధర్మాధికారి ఇద్దర్నీ విడివిడిగా పిలిచి అడిగాడు. ఓడ ఎక్కేముందు రేవులో నీ భార్య చెవిలో ఏం చెప్పావు? మొదటివాడు, ‘నీకు సింహళం ముత్యాలు తెస్తానన్నాను’ అన్నాడు. రెండోవాడూ అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు!”

కోశాధికారి చేతిలో తాళంచెవుల గలగల ఆగిపోయింది.

“ధర్మాధికారి తల పట్టుకున్నాడు. అప్పుడు అలివేణి విరగబడి నవ్వింది. ‘అయ్యా, ఇద్దరూ దొంగలే! ఎందుకంటే ఆనాడు రేవులో నా మొగుడు...’”

చెంగమాంబ నోరు మూసుకుని చెంగు సర్దుకుంది.

రాజు సింహాసనం చేతులు పట్టుకుని పళ్లు బిగించాడు. తెర వెనక గాజులు గల్లుమన్నాయి. ఎవరూ అడగలేదు.

“ఊఁ! నా మొగుడు? ఏం చేశాడు? చెప్పవేం, తర్వాతేమైంది?”

అందరూ తిరిగి చూశారు. అరిచింది పానకాలరాయుడే! ముందుకు వంగి, ఆసనం అంచు మీదికి వచ్చేశాడు.

చెంగమాంబ చేతులు జోడించింది.

“చదవని ఆకు నోటితో చెప్పడం మా ఆచారం కాదు, కోశాధికారిగారూ. తర్వాతది గది లోపల ఉంది. తాళంచెవి తమ చేతిలో ఉంది.”

సభ గొల్లుమంది. రాజుకు నవ్వుతో పొట్ట చెక్కలైంది. పానకాలరాయుడు ఎర్రబడి, నల్లబడి, చివరికి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, “పరువు పోతే పోయింది. ముందు ఆ కట్ట తెప్పించమ్మా!” అని బతిమాలాడు.

ఉద్వాసన చెప్పారు. కట్ట వచ్చింది. చెంగమాంబ ఆకు తిప్పి చదివింది.

“‘ఆనాడు మేమిద్దరం పోట్లాడుకుని ఉన్నాం. ఆయన నాతో మాట్లాడనే లేదు! ఆ ముత్యాల మాట మా దాసి నలుగురిలో నా పరువు నిలపడానికి కల్పించింది. ఈ ఇద్దరూ ఆ దాసికే లంచమిచ్చారు!’”

రాణిగారు తెర తోసుకుని బయటికొచ్చి మరీ నవ్వారు. రాజు మెడలో హారం తీసి చెంగమాంబకిచ్చి, పొత్తాల గది ఇక ఆమెదేననీ, దాని తలుపులు ఊరందరికీ తెరిచే ఉండాలనీ అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు.

ఆ సాయంత్రం మండపంలో అందరికంటే ముందు వచ్చి చాప వేసుకున్నది పానకాలరాయుడు.