నదికి తీసిన వాకిలి

అనగనగా ఒక నది. ఆ నది ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో మిరియాలు, యాలకులు అమ్మే సోమదత్తుడనే వర్తకుడు ఉండేవాడు. అతని భార్య చారుమతికి పడవలంటే ప్రాణం. దూరాన తెరచాప కనబడగానే ఆ పడవ ఎవరిదో చెప్పేసేది.

ఒకనాడు ఆమె మెట్ల మీంచి జారిపడి, నడుము దెబ్బతిని, మంచం పట్టింది. ఎత్తి బయటికి తీసుకుపోదామంటే నొప్పికి విలవిల్లాడేది. ఏడాది గడిచేసరికి మాట తగ్గింది, తిండి తగ్గింది.

"మందులతో అయ్యేది కాదు. ఈమెకు మళ్ళీ నది కనబడాలి, లేకపోతే దక్కదు" అన్నాడు వైద్యుడు. సోమదత్తుడు బెంగటిల్లిపోయి, నది వైపు గోడకు అద్దాలు పెట్టించాలనుకున్నాడు. అంత పెద్ద అద్దాలు ఆ కాలంలో ఎక్కడివని అడక్కండి, ఈ కథలో ఉన్నాయి.

మొదటి పనివాడు గోడను నాలుగుసార్లు కొలిచి, ఏనుగు పట్టేంత కిటికీ పెట్టాడు. నిలబడి చూస్తే నది అంతా కనబడుతోంది. చారుమతి పడుకుని చూసింది. "ఆకాశం బాగుందండీ" అంది. భర్త నొచ్చుకుంటాడని అలా అంది పాపం.

రెండోవాడు ఆ కిటికీ తీసేసి, నేల దాకా అద్దాల తలుపులు పెట్టాడు. వేలితో తోస్తే పక్కకు జరిగిపోతాయి. తలుపన్నాక గడప ఉండాలి గదా అని, మోకాలెత్తు గడప నిలిపి దాని మీద చిలకలు చెక్కాడు. చూడవచ్చిన వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. చారుమతిది పొట్టికోళ్ళ మంచం. ఆమెకు చిలకలే కనబడ్డాయి. ఈసారి అవతలి గోడవైపు తిరిగి పడుకుంది.

మూడోసారి కోటమ్మ అనే పనిమంతురాలు వచ్చింది. వస్తూనే, "అమ్మా, కాస్త జరుగుతారా?" అని చారుమతి పక్కన అదే దిండు మీద తల పెట్టి పడుకుంది.

"కొలతాడు తియ్యవేం?" అన్నాడు సోమదత్తుడు.

"కొలుస్తూనే ఉన్నానయ్యా. ఈ గడప తీసెయ్యాలి."

"గడప లేని వాకిలా? లక్ష్మీదేవి ఇంట్లోకి ఎలా వస్తుంది?"

"వీధి వాకిలికి గడప ఉంది గదయ్యా, ఆ తల్లి అటు నుంచి వస్తుంది. ఇటు నుంచి అమ్మగారు బయటికి వెళ్ళాలి."

కోటమ్మ గడప తీసి, నేలలో సన్నటి గాడి తొలిచి, తలుపులు అందులో జరిగేలా చేసింది. మంచం కోళ్ళకు చక్రాలు బిగించింది. తలుపులు తీసి సోమదత్తుడు మెల్లగా మంచం తోశాడు.

"ఆగండి" అంది చారుమతి. "పసుపూ కుంకుమా తెప్పించండి."

పడుకున్న చోటి నుంచే చెయ్యి చాచి, ఆ గాడి వెంట పసుపు రాసి బొట్లు పెట్టింది. ఏడాదిగా గడపకు బొట్టు పెట్టలేకపోయిన చెయ్యి అది. సోమదత్తుడు కళ్ళు తుడుచుకున్నాడు.

మంచం నది ఎదుటికి వచ్చింది. చారుమతి చాలాసేపు చూసింది.

"అదిగో, ఆ ఎర్ర తెరచాప మన యాలకుల పడవది. అన్నం ఇక్కడికే తెప్పించండి, ఆకలేస్తోంది" అంది.

పిల్లలూ, ఎవరికైనా మేలు చెయ్యాలనుకుంటే, ముందు వాళ్ళ పక్కన చేరి, వాళ్ళకు ఏం కనబడుతోందో చూడాలి.