తెగినచోట తొమ్మిది వోల్టులు

స్వామినాయుడు మాస్టారు పార్వతీపురంలో రేడియోలు బాగుచేస్తూ, నేర్చుకుంటామని వచ్చినవారికి తన ఇంటి అరుగు మీదే పాఠం చెప్పేవారు. అడిగినదానికి వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. ఒక్క జవాబు కోసం వారం రోజులు తిరిగినవారున్నారు, విసుగెత్తి మానేసినవారూ ఉన్నారు.

ఒకనాడు సుగుణ అనే శిష్యురాలు తొమ్మిది వోల్టుల బ్యాటరీని, స్విచ్చిని, చిన్న బల్బుని తీగతో వరసగా కలిపి మీటరు పెట్టి చూసింది. స్విచ్చి వేస్తే బల్బు దగ్గర తొమ్మిది వోల్టులు, స్విచ్చి దగ్గర సున్నా. స్విచ్చి ఆపేస్తే బల్బు దగ్గర సున్నా, ఆ తొమ్మిదీ స్విచ్చి దగ్గరే. ఎన్నిసార్లు చూసినా అంతే.

“కరెంటు పారడమే నేదు కద మాస్టారూ. తెగిపోయినకాడ అంత బలం ఎందుకుంటాది?” అని అడిగింది.

“బస్సొచ్చేదాకా ఉండమ్మా” అన్నారాయన.

ఏ బస్సో సుగుణకు తెలుసు. ఏడు నెలల కిందట ఆయన తన బావమరిది గురించి నోరు జారారు. భార్య అప్పలనరసమ్మ గారు సాలూరులోని పుట్టింటికి వెళ్ళిపోయారు. నాలుగు ఉత్తరాలకు జవాబు లేదు. అయిదోదానికి ఆ ఉదయమే కార్డు వచ్చింది. వీలైతే మూడుగంటల బస్సుకి వస్తానని, అంతే.

ఒంటిగంటకే మాస్టారు వీధిగుమ్మం పట్టుకుని నిలబడ్డారు. అన్నం వండుకోలేదు, సుగుణ ఇచ్చిన టీ ముట్టుకోలేదు. ఇంట్లో మనిషి ఉన్న అలికిడే లేదు, ఆయన ప్రాణమంతా ఆ గుమ్మంలోనే ఉంది. చెప్పుకోవలసిన మాటలన్నీ పెదవులు కదుపుతూ వల్లెవేసుకుంటున్నారు. మూడు దాటింది, మూడున్నర దాటింది. అంత పెద్దమనిషికి అంత బెంగ ఉంటుందని సుగుణ ఏనాడూ అనుకోలేదు. చూడలేక తల దించుకుంది.

నాలుగవుతుండగా అప్పలనరసమ్మ గారు సందు మలుపు తిరిగారు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆయన సంచీ అందుకుని పక్కకు తప్పుకున్నారు. ఆమె లోపలికి నడిచారు, వెనకే ఆయనా వెళ్ళారు.

ఇంత ఎదురుచూపూ ఇందుకేనా అని సుగుణకు ఉసూరుమంది. వెళ్ళి గుమ్మంలో నిలబడింది. కాసేపటికి వంటింట్లోంచి, “ఈ గిన్నెలేటి, ఇలా మాడబెట్టీసినావు?” అన్న గొంతు వినిపించింది. మాస్టారు ఏదో చెప్పబోయి చిన్నపిల్లాడిలా ఏడవడం వినిపించింది. ఆ తర్వాత ఆమె కూడా ఏడ్చారు.

చాలాసేపటికి ఆయన కండువాతో మొహం తుడుచుకుంటూ వచ్చి శిష్యురాలిని చూశారు.

“ఇంకా అక్కడే నిలబడ్డావేటమ్మా? స్విచ్చి ఏసినట్టే కద, గుమ్మంకాడ ఇప్పుడేటీ నేదు. లోపలికి రా.”