ఏడు పులులు, ఒక ముంత మజ్జిగ

ఏ రాజ్యమని మాత్రం అడక్కండి. పేరు చెప్పానంటే పక్క రాజ్యంవాళ్లు ‘కాదు, మాదే’ అంటూ తగువుకొస్తారు. ఆ రాజ్యాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాడు గానీ, వంశం మాటెత్తితే చాలు, ఆయనకిక పట్టపగ్గాలుండేవి కావు.

ఒక వేసవిలో నెమలిగుట్టకు వేటకెళ్లాడు. అక్కడి చల్లగాలికి మురిసిపోయి, మేడ కట్టాలని ముచ్చటపడ్డాడు. చిక్కేమిటంటే, ఆ గుట్ట మీద నలభై గడపల గొల్లలు గొర్రెలు మేపుకుని బతుకుతున్నారు.

రాజు వాళ్లను సభకు పిలిపించి, తన తాతగారి వేట కావ్యం చదివించాడు. “నరమానవుడు లేని నెమలిగుట్టపై నూరు పులులను కూల్చి, ఆ గుట్టను తనదిగా చేసుకొనెను” అని ఉంది అందులో.

“విన్నారుగా! మా తాతగారి నాటికి అక్కడ మనుషులే లేరు. మీరు తర్వాత వచ్చి తిష్ఠ వేశారు. పున్నమిలోగా గుట్ట దిగండి” అన్నాడు.

గొల్లల పెద్ద బీరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “మా మామ, ఆయన తాత, అందరూ ఆ గుట్ట మీదే పుట్టారు దొరా. ఇంత మందను తోలుకుని మేమెక్కడికి పోయేది?”

“ఉన్నారని ఎక్కడైనా రాసుందా?”

“గొర్రెలు కాసుకునే మాకు రాతలెక్కడివి దొరా?”

అప్పుడు చిట్టెప్ప లేచాడు. ఆయన తాళపత్రాల గది చూసుకునే ముసలాయన. ఆకులకు నూనె రాసీ రాసీ వేళ్లు నల్లబడిపోయాయి.

“మహారాజా, చిన్న మనవి. మొన్నటి మీ వేట మీద మార్తాండకవిగారు రాసింది కూడా చదివిద్దాం. తాతగారి పక్కన మనవడి ప్రతాపం వింటే సభకు నిండుగా ఉంటుంది.”

రాజు ముఖం విప్పారింది. కవి గొంతు సవరించుకున్నాడు. “ఏడు పులులు ఒక్కసారే మీదికి దూకగా, ఉద్దండభూపతి ఒక్క బాణంతో ఏడింటినీ కూల్చెను!”

సభంతా చప్పట్లు. మీసం దువ్వబోయిన రాజు చెయ్యి మాత్రం సగంలోనే ఆగిపోయింది. మొన్న పులి కాదు గదా, దాని తోక కూడా కనబడలేదు!

“చివరి ఆకు కూడా చదవండి కవిగారూ” అన్నాడు చిట్టెప్ప.

కవి నీళ్లు నమిలాడు. ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. పులులు చచ్చే ఆకులన్నీ రాజు బయల్దేరకముందే రాసి, పూజలో పెట్టి, హారతిచ్చేవారు. చివరి ఆకు ఒక్కటే తిరిగొచ్చాక రాసేవారు. ఆ ఆకు దాకా వినే ఓపిక ఏ రాజుకూ ఉండేది కాదు.

“ఎండకు సొమ్మసిల్లి, గొల్లల ఇంట ముంతెడు మజ్జిగ తాగి నగరు చేరెను” అని గొణిగాడు కవి.

“ప్రభూ, మీరు అక్కడున్న మనిషి. పులులు నిజమా, మజ్జిగ నిజమా?” అని అడిగాడు చిట్టెప్ప.

రాజు బీరమ్మ వంక చూశాడు. ఆ ముంత అందించింది ఆవిడే. సిగ్గుతో తల దించుకుని, “మజ్జిగే” అన్నాడు.

చిట్టెప్ప అప్పుడు రాజు తాతగారి కావ్యం కట్ట విప్పి చివరి ఆకు చదివాడు. “దప్పికతో సొమ్మసిల్లగా, నెమలిగుట్ట గొల్లలు మజ్జిగ పోసి బతికించిరి.”

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. “అబద్ధాలకోరు రాతయ్యా అది! పులులు అబద్ధమైతే మజ్జిగ మాత్రం నిజమని నమ్మకమేమిటి? కట్టంతా నూతిలో పడెయ్!”

“అంత పని చేయకండి. పులిని కల్పిస్తే కవికి శాలువా వస్తుంది. రాజు సొమ్మసిల్లాడని కల్పిస్తే ఏమొస్తుంది, చీవాట్లు తప్ప? తనకేమీ ఒరగకపోయినా రాశాడంటే, అది చూసి రాసిన మాటే. పులుల ఆకుల్నీ దాచిపెడదాం ప్రభూ. అక్కడ పులులున్నాయని కాదు, తాతగారికి ఏం వినాలని ఉండేదో తెలుస్తుందని.”

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “అయితే మా తాతకూ పులి దొరకలేదన్నమాట! హమ్మయ్య, నేనొక్కణ్ణే అనుకుని ఇన్నాళ్లూ కుమిలిపోయాను!”

గుట్ట గొల్లలదేనని అక్కడికక్కడే శాసనం రాయించాడు. బీరమ్మ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. చిట్టెప్పకు రాజు తన భుజం మీది శాలువా తీసి కప్పాడు.

ఒక్కమాట. నేను చిట్టెప్ప వంశంవాణ్ణి. అంచేత ఆయన తెలివి గురించి చెప్పింది కాస్త తగ్గించుకుని నమ్మండి. సభలో ఆయన కాళ్లు గజగజ వణికాయని మా నాయనమ్మ చెప్పేది. అది మాత్రం పూర్తిగా నమ్మొచ్చు.