గవరయ్య దవడ, డాక్టరుగారి కాపడం

చింతలోవలో తమ అంత తెలివైన ఇల్లు ఇంకోటి లేదని సన్నాయి గవరయ్య ఇంట్లో ముగ్గురికీ గట్టి నమ్మకం. ముగ్గురంటే గవరయ్య, పెళ్ళాం నూకాలమ్మ, డోలు వాయించే తమ్ముడు సూరప్పడు. ఊరు కూడా వాళ్ళ గురించి ఏదో అనుకునేది, అది వేరే సంగతి.

గవరయ్య మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, కరకరమని పళ్ళు నూరేవాడు. అది విన్న నూకాలమ్మకి ఉత్తి తిరగలి తిరుగుతున్నట్టనిపించింది. ఇంత శ్రమ వృథా పోతోందే అని నొచ్చుకుని గుప్పెడు జొన్నలు తెచ్చి మొగుడి నోట్లో పోసింది. ఇంకేముంది, గవరయ్య ఉక్కిరిబిక్కిరై లేచాడు. దవడ పట్టేసింది. పిండి మాత్రం రాలేదని ఆవిడ సాయంత్రందాకా బాధపడింది.

శుక్రవారం మునసబుగారమ్మాయి పెళ్ళి. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగకపోతే ఆ ఇంటి పెళ్ళిళ్ళన్నీ ఇక పక్కూరి మేళానివే. తాతల నాటి నుంచి వాయిస్తున్న గడప పోతుందని గవరయ్యకి ఏడుపొచ్చింది. ముగ్గురూ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

నిద్రలో పళ్ళు నూరి నూరి దవడ కండరాలు అలిసిపోయాయన్నాడు డాక్టరు. పళ్ళకి తొడుక్కునే తొడుగొకటి ఇచ్చి, ఇది నిద్రలోనే ఉండాలి, మెలకువలో వద్దన్నాడు. మెత్తటివి తప్ప గట్టివేవీ నోట్లో పెట్టొద్దన్నాడు. ఆఖర్న తన దవడ మీద వేలు పెట్టి చూపిస్తూ, “రోజూ రెండు పూటలా ఇదిగో, ఇక్కడ వేడి కాపడం పెట్టండి” అన్నాడు.

ఇంటికి రాగానే గవరయ్య పడుకున్నాడు. తొడుగు పెట్టుకుందామంటే ఇంకా మెలకువగానే ఉన్నాడాయె. సరే, నిద్రపట్టాక చెబుతానని సూరప్పడు పక్కన కూర్చున్నాడు. గురక వినపడగానే తట్టి లేపి, “అన్నా, నీకు నిద్దరట్టేసింది, తొడుగెట్టుకో” అన్నాడు. లేచాక మెలకువే కదా, మళ్ళీ కుదరలేదు. ఇలా ఏడుసార్లయ్యేసరికి సూరప్పడికే నిద్ర ముంచుకొచ్చింది. నిద్రపోయేవాడే పెట్టుకోవాలన్నారు కాబట్టి తొడుగు వాడి నోట్లో పెట్టి గవరయ్య కాపలా కూర్చున్నాడు. కూర్చున్నచోటే కునుకు పట్టి మళ్ళీ పళ్ళు నూరేసరికి అన్న దవడ ఇంకాస్త బిగిసింది.

కాపడం సంగతి ఇంకో తలనొప్పి. ఇసక మూట వేడి చేసుకుని రెండు రోజులు ఆస్పత్రి చుట్టూ తిరిగారు. డాక్టరు ఊళ్ళో లేడు. నాలుగు పూటల కాపడం అలాగే ఉండిపోయింది. పాపం ఆయన దవడ ఏమైందో అని నూకాలమ్మ నిజంగానే దిగులుపడింది.

పెళ్ళి పొద్దున ఆవిడకి ఇంకోటి తట్టింది. సన్నాయి కూడా నోట్లో పెట్టేదే కదా. ఊదే చోట ఉండే రెల్లు పీక గట్టిగా ఉందని, దాన్ని ఊడదీసి అంబలిలో వేసి మెత్తబడేదాకా ఉడకబెట్టింది. ఎంత తెలివో అని అన్నదమ్ములు మురిసిపోయారు.

ముహూర్తం వచ్చింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని నిలబడ్డాడు. గవరయ్య ఊదాడు. సన్నాయిలోంచి తుస్సుమని గాలి, నాలుగు అంబలి చుక్కలు వచ్చాయి. మునసబు ముఖం ఎర్రబడింది. గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో నూకాలమ్మకి ముందు వరసలో కూర్చున్న డాక్టరు కనపడ్డాడు. వంటశాలలోకి ఉరికి ఇసక మూట వేడి చేసుకొచ్చింది.

“మీకు నాలుగు పూటలు తప్పిపోనాయి బాబూ” అంటూ, నాలుగింటి వేడీ ఒక్కసారే ఆయన దవడకి అదిమింది.

డాక్టరు పెట్టిన కేకకి పందిరి అదిరింది. అంత గట్టి కూత వినపడగానే అలవాటు కొద్దీ సూరప్పడు డోలు దంచాడు. పెళ్ళికొడుకు బెదిరి తాళి కట్టేశాడు. అక్షింతలు పడ్డాయి.

గట్టిమేళం ఇంత బాగా ఎప్పుడూ మోగలేదని మునసబు బామ్మగారు మెచ్చుకుంది. ఆవిడకి చెవుడు. ఆ ముక్కతో గడప నిలబడింది.

గవరయ్యకి ఆనందం పట్టలేదు. రాత్రుళ్ళు తమ్ముడు పెట్టుకుంటున్న తొడుగు అడిగి తీసుకుని, పంచెతో తుడిచి డాక్టరు చేతిలో పెట్టాడు.

“ఎల్లుండి కరణంగారింట్లో కూడా పెళ్ళుంది బాబూ. అందాకా మెత్తటివే తినండి.”