కాటుకమ్మ బొమ్మ

వరదకి ఏటి ఒడ్డు కొట్టాలన్నీ పోయాయి. ముసలి గేదె కాటుకమ్మ గడ్డివామూ కొట్టుకుపోయింది. తల్లిలేని మనవరాలు, బుల్లి దూడ, ఆకలికి ఆవిడ చెవి చప్పరిస్తోంది. అప్పుడొచ్చాడు నక్క జంబయ్య.

"పిన్నీ, మెరక మీది ఆవులకి గడ్డి బోలెడుంది. వాళ్ళ సావిడి గోడ మీద బొగ్గుతో నీ బొమ్మ గీస్తాను. చూసి కరిగిపోయి పంపిస్తారు. అందులో పావు వంతు నాకు, బొరియలో పరుపుకి."

వాడి తాత ఒకప్పుడు తన తోకని వెక్కిరించిన సంగతి కాటుకమ్మ ఇంకా మర్చిపోలేదు. అయినా దూడ మొహం చూసి ఒప్పుకుంది. కొమ్ములెత్తి నిటారుగా నిలబడింది.

"అలా కాదు పిన్నీ! తల దించు. రెండు కన్నీటి బొట్లు రాల్చు."

"ఎందుకురా? పోయింది గడ్డి, నా పరువు కాదు. పచ్చిక మొలిచేదాకా మేత కావాలి, తర్వాత మీ దూడల్ని కాసిపెడతానందని చెప్పు."

"అలా చెబితే ఎవరేడుస్తారు?"

"ఏడవమని ఎవరడిగారు? గడ్డి పంపమను."

జంబయ్య బుద్ధిగా తలూపి వెళ్ళి, తనకి తోచిందే గీశాడు. బయటపడ్డ ఎముకలు, మూతపడుతున్న కళ్ళు, పైన రాబందు. గొంతు వణికిస్తూ, "ఈ తల్లి రేపటి పొద్దు చూడదు!" అన్నాడు. ఆవులు బోరుమన్నాయి.

మర్నాడు జంబయ్యని ముందు నడిపించుకుంటూ అన్నీ కట్టకట్టుకుని వచ్చాయి. పూలదండ తెచ్చాయి, వెదురు పాడె తెచ్చాయి. గడ్డిపరక మాత్రం లేదు.

పెద్దావు గౌరాంబ ముక్కు చీది, "దేహం ఎక్కడుంచారు?" అంది.

"ఇదిగో, నీతో మాట్లాడుతోంది," అంది కాటుకమ్మ.

"అయ్యో, బతికే ఉందే!" అందొక పెయ్య, కాస్త నిరాశగా.

"పోయేవాళ్ళకి మేతెందుకని తేలేదమ్మా," అని నసిగింది గౌరాంబ. ఈలోగా దూడ పూలదండ సగం నమిలేసింది.

"చూశావుగా? పచ్చిక మొలిచేదాకా మాకు మేత కావాలి. తర్వాత మీ దూడల్ని కాసిపెడతాను."

"ఈ ముక్క ముందే తెలిస్తే నిన్ననే పంపేవాళ్ళం కదా!"

అన్నీ జంబయ్య వైపు తిరిగాయి. పావు వంతు మాట వాడి నోట్లోనే ఆగిపోయింది. గౌరాంబ పాడె వాడి వీపు మీదే కట్టించి మెరకకి నడిపించింది. వెనక్కి వచ్చేటప్పుడు గడ్డిమోపులు కూడా వాడే మోయాలట. దారి పొడుగునా కుక్కలూ మేకలూ "ఎవర్రా పోయింది?" అని అడుగుతుంటే, వాడికి చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు.

జాలి కోసం బతికున్నవాళ్ళని చచ్చినట్టు చూపిస్తే, వాళ్ళకి అందేది అన్నం కాదు, పూలదండ.