గూడబాతు తూకం

ఒకానొక రాజ్యంలో, స్వామి దయవల్ల చెరువుల నిండా నీళ్లూ, నీళ్ల నిండా పక్షులూ ఉన్న రోజుల్లో, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మనిషి బక్కపలచన. అందుకని దూది కుక్కిన అంగీ, మీద జరీ ఉత్తరీయం, తలకు మూరెడెత్తు పాగా. ఆయన వస్తున్నాడంటే భటులు రెండో తలుపు కూడా తెరవాల్సిందే.

తండ్రి, పెద్దప్రభువు, అలా కాదు. సాయంత్రాలు మామూలు పంచెతో పక్షిశాలకు వచ్చి, కాపరి ఓబులయ్య పక్కన గట్టు మీద కూర్చునేవాడు. పసివాడైన కొడుకు ఒళ్లో గూడబాతును పెట్టి మురిసిపోయేవాడు. "భయం లేదు చినబాబూ" అనేవాడు ఓబులయ్య. ఆ రోజులు తలచుకుంటే ముసలి కాపరికి ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఒకనాడు ఉద్దండవర్మకు ఏం తోచిందో, ఆ గూడబాతును తూకం వేయించాడు. రెక్కలు విప్పితే గుమ్మంలో పట్టని పక్షి, పది వీశెలైనా ఉంటుందనుకుంటే, తూగింది మూడున్నర.

"చేపలు నువ్వు తిని, దీన్ని మాడ్చావు" అన్నాడు రాజు. మర్నాడు తన తులాభారం కాగానే ఓబులయ్య పక్షిశాల విడిచి పోవాలని ఆజ్ఞ.

నలభై ఏళ్లుగా ఆ శాల తప్ప మరో ఇల్లు ఎరగడు ఓబులయ్య. ఎప్పుడో పోయిన మరో గూడబాతు రెక్క ఎముక ఒకటి తెచ్చి చూపించాడు. లోపలంతా బోలు, ఊదితే ఈల. ఒంట్లో ఎముకలన్నీ కలిపినా పైనున్న ఈకలంత తూగవనీ, ఆ ఈకలే గాలిని పొదువుకుని పక్షిని అంత చేసి చూపిస్తాయనీ విన్నవించుకున్నాడు.

"కంటికి కనిపించేది అబద్ధమా?" అని రాజు లేచిపోయాడు.

మర్నాడు గుడిలో తులాభారం. రాజుగారి ఆకారం చూసి మంత్రి పది మణుగుల బెల్లం సిద్ధం చేయించాడు. ఉద్దండవర్మ ఠీవిగా తక్కెడలో కూర్చున్నాడు. అవతలి తట్టలో ఐదు మణుగులు పడ్డాయి. ఆరోది పడీపడగానే రాజు గాల్లోకి లేచాడు, పాగా చెవి మీదికి జారింది. పూజారి మంత్రం మధ్యలో ఆగిపోయింది. నవ్వే ధైర్యం ఎవరికుంది?

ఓబులయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారూ, వంటవాణ్ణి కూడా నాతోపాటే పంపించేస్తారా? పాపం, అతనూ తమర్ని మాడ్చినట్టున్నాడు."

రాజు చెవులు ఎర్రబడ్డాయి. వేలాడుతూనే తన అంగీని ఓసారి తడుముకున్నాడు. చేతికి దూదే తగిలింది. ఇక ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుకు తక్కెడ గొలుసులు గలగలలాడాయి.

"మొత్తానికి నా ఈకలు పీకావయ్యా" అన్నాడు. కిందికి దిగి, కంకణం తీసి ఓబులయ్య చేతికి తొడిగాడు. పక్షిశాల అతను బతికున్నంత కాలం అతనిదే అన్నాడు. మిగిలిన బెల్లం గూడబాతు పేర ప్రసాదంగా పంచిపెట్టించాడు.

ఆ సాయంత్రం గట్టు మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. మామూలు పంచె, బక్కపలచని భుజాలు. ఓబులయ్య గూడబాతును తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"చిన్నప్పుడూ ఇంత తేలిగ్గానే ఉండేదా?" అన్నాడు రాజు.

"ఇంతే, చినబాబూ."